పింగ్ వెళ్తుంది, డేటా ఆగిపోతుందా? ముందు ఎంటీయూ చూడండి
మొన్న నల్గొండలో మా తమ్ముడి ఆఫీసులో మూడు వర్చువల్ మెషీన్లతో క్లస్టర్ పెడితే పింగ్ చక్కగా వస్తోంది, లాగిన్ కూడా అవుతోంది, కానీ పెద్ద ఫైల్ కాపీ చేయగానే అక్కడికక్కడే ఆగిపోతోంది. రెండు రోజులు ఫైర్‌వాల్ మీదే అనుమానం పెట్టుకుని ఒకటే టెన్షన్ పడ్డాడు పాపం. ఇలా చిన్న ప్యాకెట్లు పోయి పెద్దవి ఆగుతున్నాయంటే నేను మొదట అనుమానించేది ఎంటీయూనే, అంటే ఒక లింకు మీద ముక్కలు చేయకుండా పోగలిగే ప్యాకెట్ గరిష్ఠ సైజు.

పింగ్ మామూలుగా కొడితే చిన్న ప్యాకెట్ వెళ్తుంది కాబట్టి తప్పు బయటపడదు. ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి సైజు 1472 ఇచ్చి కొట్టండి, దానికి హెడర్లు 28 బైట్లు కలిస్తే సరిగ్గా 1500, అంటే మామూలు ఎంటీయూ అవుతుంది. జంబో ఫ్రేములు, అంటే ఎంటీయూ 9000 పెట్టుకున్న చోట 8972తో చూడాలి. ఒక్క హోస్ట్ నుంచి కాదు, క్లస్టర్‌లోని ప్రతి నోడ్ (మెషీన్) నుంచి ప్రతి నోడ్‌కీ రెండు వైపులా కొట్టండి, ఎందుకంటే చాలాసార్లు ఒక్క హోస్ట్‌లోని బ్రిడ్జో, వర్చువల్ స్విచ్చో, కింద ఫిజికల్ స్విచ్ పోర్టో పాత విలువ మీదే ఉండిపోతుంది. మా వాడి దగ్గర మూడో హోస్ట్ బ్రిడ్జే అలా ఉంది.

వీఎక్స్‌లాన్ (ఉన్న నెట్‌వర్క్ మీదే ఇంకో వర్చువల్ నెట్‌వర్క్ నడిపే పద్ధతి) వాడుతుంటే ఇంకోటి, అది ఐపీవీ4 మీద 50 బైట్లు తినేస్తుంది. కింది అసలు నెట్‌వర్క్‌లో ఎంటీయూ 1500 ఉంటే లోపలి వర్చువల్ నెట్‌వర్క్‌లో 1450 పెట్టండి, అప్పుడు పింగ్ సైజు 1422.