హైబ్రిడ్ కారా, కరెంటు కారా: కొనేముందు వేసుకోవలసిన లెక్కలు

షోరూములో అడుగుపెట్టగానే చాలామంది అడిగేది ఒక్క చార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం వేరే ఉంది. కారు రాత్రిపూట ఎక్కడ నిలబడుతుంది, అక్కడి దాకా మీ సొంత మీటరు నుంచి తీగ లాగే వీలు ఉందా? ఈ ప్రశ్నకు జవాబు అవును అయితే కరెంటు కారు గురించి ఆలోచించడం మొదలుపెట్టవచ్చు. కాదు అయితే, బ్యాటరీ ఎంత పెద్దదైనా ఆ కారు మీకు రోజువారీ చాకిరీ అవుతుంది కాబట్టి పెట్రోలు ఇంజినుతో పాటు కరెంటు మోటారూ ఉండే హైబ్రిడ్ వైపు చూడడం మంచిది.

సొంత ఇల్లు ఉన్నవారికి ఇది పెద్ద పని కాదు. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్‌కు 15 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. అది సుమారు 3 కిలోవాట్లు తీసుకుని, పది గంటల రాత్రిలో దాదాపు 28 యూనిట్లు బ్యాటరీలోకి ఎక్కిస్తుంది. ఊళ్లో తిరిగేవారికి అది రెండు మూడు రోజుల అవసరానికి మించిన చార్జ్. అయితే ఆ సాకెట్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా తీగ, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) ఉండాలి. గీజరుకో ఏసీకో వేసిన లైనులోంచి కొక్కెం తగిలించినట్టు కలిపితే గంటల తరబడి పారే కరెంటుకు సాకెట్ వేడెక్కి కరగవచ్చు. ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జర్ ఎర్ర దీపం చూపించి పని చేయడం మానేస్తుంది. కారు కొత్తలో సర్వీసు కేంద్రానికి వెళ్లే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం కారు కాదు, ఎండాకాలంలో ఎండిపోయిన ఇంటి ఎర్త్ గుంత. కాబట్టి డెలివరీకి ముందే ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ పరీక్ష చేయించండి. 7.2 కిలోవాట్ల గోడ చార్జర్ పెట్టించాలనుకుంటే, అది ఒక్కటే 32 ఆంపియర్ల వరకు లాగుతుంది గనుక, ఇంటికి మంజూరైన లోడు పెంచమని విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కంకు) దరఖాస్తు చేసుకోవలసి రావచ్చు. అపార్టుమెంట్లలో మాత్రం తీగ కంటే అసోసియేషన్ అనుమతి పొడవైన వ్యవహారం. బుకింగ్ సొమ్ము కట్టకముందే ఆ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక ఖర్చు. బ్యాటరీ సామర్థ్యాన్ని చెప్పే కిలోవాట్ అవర్, కరెంటు బిల్లులో కనిపించే యూనిట్ ఒకటే గనుక లెక్క సులువు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే మధ్యరకం కరెంటు కారు యూనిట్‌కు 7 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 143 యూనిట్లు కావాలి. చార్జింగులో పోయే నష్టాన్ని కలిపితే 160 అనుకోండి. ఇక్కడ స్లాబును మరవకూడదు. ఇంటి వాడకం మీద ఇవి అదనంగా పడతాయి కాబట్టి వీటికి వర్తించేది పై స్లాబు ధర. తెలుగు రాష్ట్రాల్లో నెలకు 400 యూనిట్లు దాటిన గృహ వినియోగానికి యూనిట్ ధర తొమ్మిదిన్నర రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. ఆ ధరకే లెక్కించినా నెలకు దాదాపు 1,520 రూపాయలు, అంటే కిలోమీటరుకు రూపాయిన్నర. విద్యుత్ వాహనాల చార్జింగుకు ప్రత్యేక టారిఫ్ వర్గం కూడా ఉంది. మీ ఇంటికి ఆ మీటరు ఇస్తారేమో డిస్కం సెక్షన్ కార్యాలయంలో అడగడం మంచిది. అవే 160 యూనిట్లను బయటి ఫాస్ట్ చార్జర్ దగ్గర పన్నుతో కలిపి 22 రూపాయల చొప్పున కొంటే 3,520 అవుతుంది. పట్టణంలో లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు (అంటే కొంతసేపు మోటారుతోనే నడవగల రకానికి), పెట్రోలు 107 రూపాయలనుకుంటే, 5,350 అవుతుంది. ఇంట్లో చార్జింగ్ ఉన్నవారికి, లేనివారికి ఉన్న ఈ తేడాయే నిర్ణయంలో సగం.

హైబ్రిడ్ అనే మాటను అమ్మేవారు ఉదారంగా వాడతారు. మైల్డ్ హైబ్రిడ్‌లో ఉండే చిన్న మోటారు ఇంజినుకు కాస్త చేయూతనిస్తుందే గాని కారును ఒంటరిగా కదిలించలేదు. దాని కోసం అదనంగా డబ్బు పెట్టవలసిన పని లేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అలా కాదు. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, హోండా సిటీ ఇ-హెచ్ఈవీ ఈ కోవలోవి. ఇవి బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని బ్యాటరీలో దాచుకుని, నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆపేసి మోటారుతో నడుస్తాయి. అందుకే అమీర్‌పేట, కూకట్‌పల్లి వంటి చోట్ల ఇవి బాగా ఆదా చేస్తాయి. జాతీయ రహదారిపై నిలకడగా 100 వేగంతో వెళ్తున్నప్పుడు బ్రేకు పడదు, దాచుకునే శక్తీ ఉండదు. అప్పుడు ఆదా తగ్గిపోతుంది. కరెంటు కారుకు కూడా హైవే వేగమే శత్రువు, ఎందుకంటే గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. రెండూ పట్టణంలోనే మెరుగ్గా పని చేస్తాయన్న సంగతిని ప్రకటనలు చెప్పవు.

హైబ్రిడ్ ధర తిరిగి రావడానికి పట్టే కాలం కూడా చూడండి. అదే కారు మామూలు పెట్రోలు రకం పట్టణంలో లీటరుకు 13 ఇస్తుందనుకుంటే, నెలకు 1,000 కిలోమీటర్లకు మిగిలేది దాదాపు 27 లీటర్లు, అంటే 2,900 రూపాయలు. ధరలో తేడా రెండున్నర లక్షలైతే అది రాబట్టుకోవడానికి ఏడేళ్లు. నెలకు 500 కిలోమీటర్లే తిరిగేవారు హైబ్రిడ్‌ను డబ్బు మిగులు కోసం కొనకూడదు. ఇంజిన్ చప్పుడు లేని ప్రయాణం నచ్చి కొంటే అది వేరే సంగతి. కరెంటు కారుకూ హైబ్రిడ్‌కూ ఉన్న అంతరాన్ని పన్నులు కూడా పెంచుతాయి. కరెంటు కారుపై జీఎస్టీ 5 శాతమే. నాలుగు మీటర్ల పొడవు దాటిన హైబ్రిడ్‌లకు 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. హైబ్రిడ్‌కు ఆ వెసులుబాటు లేదు.

దూర ప్రయాణాల విషయంలో కంపెనీ చెప్పే రేంజ్‌ను, అంటే ఒక్క చార్జింగుకు వస్తాయనే కిలోమీటర్ల అంకెను, పక్కన పెట్టండి. ఆ అంకెలో 65 నుంచి 70 శాతం వస్తే మంచి ఫలితమే. 45 యూనిట్ల బ్యాటరీతో హైదరాబాదు నుంచి విజయవాడకు, అంటే సుమారు 275 కిలోమీటర్లు, వెళ్తున్నారనుకుందాం. హైవేపై యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తే నిండు చార్జింగు మీద 290 దాకా లెక్క వస్తుంది. కాగితం మీద ఆగకుండానే చేరాలి. కానీ ఎదురుగాలి, ఏసీ, నలుగురు మనుషులు, సామాను కలిసి ఆ మిగులును మింగేస్తాయి. పైగా చార్జ్ 10 శాతం కంటే దిగువకు దిగడం మంచిది కాదు. అందువల్ల సూర్యాపేట దగ్గర టిఫిను వేళకు ఒకసారి ఆగేలా ముందే అనుకోండి. అక్కడ 80 శాతం దాకా ఎక్కించి బయలుదేరాలి. 80 దాటాక చార్జింగ్ వేగం బాగా పడిపోతుంది గనుక చివరి 20 శాతం కోసం కాచుకోవడం కాలహరణం. చార్జర్ మీద 60 కిలోవాట్లు అని రాసి ఉన్నా, కారుకు తగిలించే గన్నులు రెండుంటే పక్క కారు తగిలించగానే చాలాచోట్ల చెరి 30 అవుతుంది. ఒక్క కంపెనీ యాప్‌ను నమ్ముకోకుండా రెండు మూడు యాప్‌లలో ముందే డబ్బు వేసి ఉంచుకోండి. దారిలో అనుకున్న చార్జర్ పని చేయకపోతే తరువాతిదానికి చేరేంత చార్జ్ మిగుల్చుకోండి. సంక్రాంతి ముందు ఇదే దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరే రోజుల్లో చార్జర్ల దగ్గరా అదే వరుస ఉంటుంది. ఏడాదికి ఆ ఒక్క ప్రయాణానికి అద్దె కారో రైలో చూసుకోవడం, దాని కోసమని మిగతా ఏడాదంతా పెద్ద బ్యాటరీని మోయడం కంటే చౌక.

తిరుమల కొండ ఎక్కేటప్పుడు మనుషులతో కలిపి రెండు టన్నుల కారును 700 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే, మామూలు ప్రయాణానికయ్యేది కాక ఎత్తుకే దాదాపు నాలుగు యూనిట్లు పోతాయి. కంగారు పడనక్కరలేదు. దిగేటప్పుడు అందులో సగానికి పైగా తిరిగి బ్యాటరీలోకి వస్తుంది, బ్రేకు లైనర్లూ అంతగా అరగవు. అయితే కొండ మీదే 100 శాతం చార్జ్ చేసుకుని దిగితే, నిండిన బ్యాటరీలో చోటు లేక ఆ సౌకర్యం చాలావరకు పని చేయదు. హైబ్రిడ్‌లకు ఈ ఇబ్బంది ఇంకా ముందే వస్తుంది. హైరైడర్ వంటి వాటి బ్యాటరీ ఒక యూనిట్ కూడా పట్టదు, రెండు మూడు మలుపులకే నిండిపోతుంది. అక్కడి నుంచి గేరు మీటను బి స్థానంలో పెట్టి ఇంజిన్ నిరోధంతో దిగాలి.

వేసవిలో మన ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ద్రవంతో చల్లబరిచే బ్యాటరీ ఉన్న కారునే ఎంచుకోండి. ఎండలో నిలిపిన కారును వెంటనే ఫాస్ట్ చార్జర్‌కు తగిలించకండి. వానాకాలం గురించి రెండు మాటలు. బ్యాటరీ పెట్టెకు ఇచ్చే ఐపీ67 గుర్తింపు మీటరు లోతు నీటిలో అరగంట పరీక్షకు సంబంధించినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నిలిచిన నీటికి ఆ గుర్తింపు హామీ కాదు. మునిగిన కారును, హైబ్రిడ్ అయినా సరే, స్టార్ట్ చేసి చూడకుండా టోయింగ్ చేయించాలి.

ఇంకొక చిన్న విషయం చాలామందికి తెలియదు. కరెంటు కారులోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేల్కొనదు. నెలల తరబడి ఊరు వెళ్లేవారు, ముఖ్యంగా విదేశాల్లో ఉంటూ ఇక్కడ కారు ఉంచేవారు, పెద్ద బ్యాటరీని సగం చార్జ్‌లో వదిలి, వారం పది రోజులకోసారి ఎవరి చేతనైనా కారు ఆన్ చేయించాలి.

కరెంటు కారు బ్యాటరీకి వారంటీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అందులో బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మార్చి ఇస్తారో, బండి చేతులు మారితే ఆ హామీ కొనసాగుతుందో లేదో వారంటీ పుస్తకంలో చదివి తెలుసుకోండి, సేల్స్‌మన్ నోటిమాట సరిపోదు. పాత కరెంటు కారు కొనేటప్పుడైతే అధీకృత సర్వీసు కేంద్రం ఇచ్చే బ్యాటరీ ఆరోగ్య నివేదిక చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఓడోమీటర్ తక్కువ చూపించినా, ఎప్పుడూ ఫాస్ట్ చార్జర్ మీదే బతికిన టాక్సీ బ్యాటరీ ఆ నివేదికలోనే బయటపడుతుంది.