జర్మనీలో మొదటి సెమిస్టర్: ఇక్కడ ఎవరూ గుర్తు చెయ్యరు

మాస్టర్స్ కోసం జర్మనీ వచ్చిన మొదటి సెమిస్టర్‌లో నేనొక పరీక్ష రాయలేకపోయాను. చదవక కాదు. ఒక్క క్లాసూ మానలేదు, నోట్సంతా రాసుకున్నాను. పరీక్షకు విడిగా పేరు నమోదు చేసుకోవాలన్న సంగతే తెలియలేదు. కోర్సులో చేరితే పరీక్షకూ చేరినట్టే అనుకున్నాను. గడువు దాటిన రెండు రోజులకు ఆఫీసుకెళ్లి బతిమాలితే, అక్కడున్నావిడ ఎంతో మర్యాదగా "వచ్చే సెమిస్టర్‌లో రాయండి" అని పంపించేసింది. మన కాలేజీల్లో అటెండెన్స్ తగ్గితే ఇంటికి ఫోన్, ఫీజు ఆలస్యమైతే నోటీసు బోర్డులో పేరు. ఇక్కడ అవేవీ ఉండవు. మొదట్లో ఇదేదో గొప్ప స్వేచ్ఛలా ఉంటుంది, అసలు చిక్కు కూడా అదే.

ముందు కాగితాల పని. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. అడ్వాన్స్ తీసుకుని ఆ కాగితం మాత్రం ఇవ్వనంటే ఆ గది వద్దనుకోండి. బ్యాంకు, వీసా పొడిగింపు లాంటి చాలా పనులకు ఈ నమోదు పత్రమే అడుగుతారు. వీసా సాధారణంగా కొన్ని నెలలకే ఇచ్చి పంపుతారు కాబట్టి, రెసిడెన్స్ పర్మిట్ దరఖాస్తు వీసా గడువు తీరకముందే వెయ్యాలి. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. వచ్చిన వారంలోనే వెతకడం మొదలుపెట్టండి.

ఇంకో చిన్న విషయం. పోస్ట్ డబ్బా మీద మీ పేరు అతికించండి. ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు, బ్యాంకు పిన్ అన్నీ పోస్టులోనే వస్తాయి. పేరు కనబడకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి తీసుకెళ్లిపోతాడు. నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ చందా ఉత్తరం కూడా అలాగే వస్తుంది. మా ఇంట్లో టీవీ లేదంటే కుదరదు. కాకపోతే అది ఇంటికొక్కటే. ముగ్గురుంటే ఒకరు కట్టి, మిగతా ఇద్దరి దగ్గర వాటా తీసుకోవచ్చు.

ఇక చదువు. వింటర్ సెమిస్టర్ లెక్క ప్రకారం అక్టోబర్ 1న మొదలైనా, చాలాచోట్ల క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలవుతాయి. టైంటేబుల్లో 10 పక్కన సి.టి. అని ఉంటే క్లాసు పదింపావుకు, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా పదికి. క్లాసు అయ్యాక అందరూ బల్లల మీద టకటకా కొడతారు. కంగారు పడకండి, అవి చప్పట్లు.

సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని అని లెక్క. అంటే 6 క్రెడిట్ల కోర్సుకు 150 గంటల పైమాటే. క్లాసులో కూర్చునేది అందులో మూడో వంతు ఉంటుందేమో, మిగిలినదంతా మీ గదిలోనో లైబ్రరీలోనో చెయ్యాల్సిందే. చాలా లెక్చర్లకు హాజరు తీసుకోరు. నవంబర్ దాకా ఎవరూ ఏమీ అడగరు. చాలా కోర్సుల్లో మధ్యలో ఇంటర్నల్స్ ఉండవు, మార్కులన్నీ చివర్న ఆ ఒక్క పరీక్షకే. మనకేమో పరీక్షకు వారం ముందు పుస్తకం తెరిచే అలవాటు. ఇక్కడ దాంతో గట్టెక్కడం కష్టం.

పరీక్షకు రిజిస్టర్ చేసుకున్నా సిద్ధంగా లేరనిపిస్తే, గడువులోపు పేరు వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకోకుండా ఊరికే మానేస్తే 5.0 పడుతుంది, అంటే ఫెయిల్. జ్వరమొస్తే డాక్టర్ సర్టిఫికెట్ వెంటనే ఇవ్వాలి. చాలా యూనివర్సిటీల్లో ఒక్కో పరీక్షకు మూడే అవకాశాలు. మూడోది కూడా పోతే కోర్సు నుంచి తీసేస్తారు, అదే కోర్సు జర్మనీలో ఇంకోచోట చదవడానికీ వీలుండదు. ఎన్ని అవకాశాలో, గడువు ఎప్పుడో మీ కోర్సు పరీక్ష నిబంధనల్లో ఉంటుంది. విసుగ్గా ఉన్నా ఓసారి పూర్తిగా చదవండి. పాత ప్రశ్నపత్రాలు కావాలంటే మీ డిపార్ట్‌మెంట్ విద్యార్థి సంఘాన్ని అడగండి, దాన్ని ఫాఖ్‌షాఫ్ట్ అంటారు. చాలాచోట్ల వాళ్ల దగ్గరుంటాయి.

అన్నట్టు, ఇక్కడ 1.0 అంటే అన్నిటికన్నా మంచి మార్కు, 4.0 అంటే అంచున పాసైనట్టు. నాకు 1.3 వచ్చిందని సంబరంగా ఫోన్ చేస్తే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పార్ట్‌టైమ్ పని గురించి అందరూ అడుగుతారు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదంటే 280 సగం రోజులు చెయ్యొచ్చు. ప్రొఫెసర్ల దగ్గర సహాయకులుగా చేసే హివీ ఉద్యోగం ఈ లెక్కలోకి రాదు, చదువుకూ పనికొస్తుంది. కానీ నా మాట వింటే మొదటి సెమిస్టర్‌లో వద్దు. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) నుంచి నెలనెలా వచ్చే 992 యూరోల్లో అద్దె, ఇన్సూరెన్స్ పోను మిగిలేది తక్కువే, నిజమే. అయినా గోదాములో రాత్రి షిఫ్టు చేసి పరీక్ష పోగొట్టుకుంటే ఇంకో సెమిస్టర్ ఖర్చు మీద పడుతుంది. నా పక్క గది కుర్రాడికి అదే జరిగింది.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. గదిలో ఒక్కరే ఉంటే మనసు బరువెక్కుతుంది. దాన్ని సోమరితనం అనుకుని నన్ను నేను తిట్టుకుంటూ రెండు నెలలు గడిపాను. యూనివర్సిటీల్లో విద్యార్థుల కోసం కౌన్సెలింగ్ ఉంటుంది. వెయిటింగ్ ఉండొచ్చు కాబట్టి బాగా ముదిరేదాకా ఆగకండి. మన తెలుగువాళ్ల గ్రూపు ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు, కానీ ఒక్కో కోర్సులో ఒక్క బయటి స్నేహితుణ్ణయినా చేసుకోండి. ఆ పరీక్ష గడువు సంగతి నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయికి ముందే తెలుసు. నేనెప్పుడూ పలకరించలేదు.

చివరగా, వచ్చే సెమిస్టర్ ఫీజు. దాని గడువు సాధారణంగా జనవరి, ఫిబ్రవరిల్లో, సరిగ్గా పరీక్షల హడావిడిలోనే వస్తుంది. కట్టకపోతే యూనివర్సిటీ విద్యార్థుల జాబితా నుంచి పేరు తీసేస్తారు, దాంతో వీసాకూ తిప్పలే. ఆ తేదీకి పది రోజుల ముందు మోగేలా ఇప్పుడే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.