తిరుపతి వీధుల్లో ఫోటోలు: ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

అందరూ కెమెరా వైపే చూస్తున్నారు

తప్పు కెమెరాది కాదు, మన నడకది. గాంధీ రోడ్డులో జనంతో పాటే పోతూ, నచ్చిన మనిషి కనబడగానే ఠక్కున ఆగి కెమెరా ఎత్తితే ఎవరైనా తల తిప్పుతారు. తిరగడం మానేసి ఒకచోట నిలబడండి. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే వాళ్ల పక్కన ఓ పావుగంట ఉంటే, కాసేపు మిమ్మల్ని వింతగా చూసి తర్వాత బేరాల్లో పడిపోతారు. అసలు ఫోటోలు అప్పుడు దొరుకుతాయి: మూర కొలిచే మోచెయ్యి, దారం ముడి బిగించే బొటనవేలు, కొత్తగా గుండు చేయించుకున్న పిల్లాడి కంట్లోకి గంధం కారకుండా కొంగుతో తుడిచే తల్లి. వెనకాల గోపురాన్ని తీస్తున్నట్టు నటించమని కొందరు చెబుతారు. నాకు నచ్చదు. చూపులు కలిస్తే నవ్వేయడమే మేలు.

అన్నీ వీపులే వస్తున్నాయి

మొహమాటం, ఇంకేం లేదు. నాలుగు కాళ్ల మండపం దగ్గర జనం వచ్చే వైపు తిరిగి నిలబడండి. దూరం నుంచి జూమ్ చేస్తే మొహమాటం పోదు, ఫోటోలో బలం పోతుంది.

ముఖాలు అలుక్కుపోతున్నాయి

నడిచే మనిషికి షట్టర్ స్పీడ్, అంటే కెమెరా లోపలికి వెలుతురు వచ్చే సమయం, కనీసం 1/250 సెకను ఉండాలి, పరుగెత్తే పిల్లలకు 1/500. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు) పెంచండి, గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తే రానివ్వండి. గుంపులో ఆటోఫోకస్ తడబడుతుంటే దాన్ని ఆపేయండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 28 ఎంఎం లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8లో పెట్టి, 3 మీటర్ల దగ్గర ఫోకస్ కట్టేస్తే సుమారు మీటరున్నర నుంచి 30 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఫోన్‌లో అయితే చీకటి పడ్డాక చాలావాటిలో నైట్ మోడ్ దానంతటదే ఆన్ అవుతుంది. అది ఒక్క ఫోటోకే సెకను, రెండు సెకన్లు తీసుకుంటుంది, ఈలోగా మనిషి కదిలిపోతాడు. ఆఫ్ చేసేయండి.

గుండ్లు తెల్లగా మాడిపోతున్నాయి

మన ఊరికే ఉన్న జబ్బు ఇది! వెనకాల నీడ ఎక్కువుంటే కెమెరా ఫ్రేమ్ మొత్తానికీ వెలుతురు పెంచేస్తుంది. దాంతో ఎండ పడిన గుండూ తెల్ల పంచా రెండూ పోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే వెలుతురు సగం అయ్యేదాకా, తగ్గించండి. ఫోన్‌లో గుండు మీదే వేలు నొక్కి, స్లైడర్ కిందికి లాగితే చాలు.

"ఏంనా, ఎందుకు తీసినావు?"

చాలాసార్లు అది కోపం కాదు, అనుమానం. పారిపోతే అనుమానం ముదురుతుంది. దగ్గరికెళ్లి ఫోటో చూపించండి. వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చేయండి, వాదన వద్దు. బస్టాండులో దుప్పట్లు పరుచుకుని పడుకున్న ఆడవాళ్లను, పాలిచ్చే తల్లులను అసలు తీయొద్దు. అడిగి తీయడం అక్కడ కుదిరే పని కాదు.

అందరూ ఫోజులిస్తున్నారు

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడు ఇదే గోల. వేషం కట్టినవాళ్లు కెమెరా చూడగానే నిలబడిపోతారు, పాపం వాళ్ల సరదా వాళ్లది. ఇంకాస్త ముందే వెళ్లండి. 'తోటి' అనే వేషానికి ఒళ్లంతా బొగ్గు పూసుకుంటున్నవాడికి మీ వైపు చూసే తీరికుండదు.