డీ డ్రైవ్ మిగులుతుందనుకోకండి: లైనక్స్ వేసే ముందు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయాక, పాత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని "దీన్లో లైనక్స్ వేసేద్దామా అన్నా?" అంటూ వచ్చేవాళ్లు కడపలో నాకు ఎక్కువయ్యారు. విండోస్ బదులు నడిచే ఉచిత సిస్టమ్ అది, వేసుకోండి, మంచిదే. కాకపోతే బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌తో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీని మే నెల మధ్యాహ్నం మాత్రం మొదలుపెట్టొద్దు. పార్టిషన్ (డిస్కులో గీసిన ఒక భాగం) సైజు మారుతుండగా కరెంటు పోయిందంటే ఫైళ్లు దక్కడం కష్టం.

ముందు బ్యాకప్. "నా దాంట్లో ముఖ్యమైనవేం లేవులే" అనేవాళ్ల డెస్క్‌టాప్ మీదే పట్టాదారు పాసుపుస్తకం స్కాన్ ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేశాక, ఇంకో కంప్యూటర్‌లో నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ డిస్కు పీకేసి బీరువాలో పెట్టండి.

తర్వాతది బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం. అది ఆన్‌లో ఉన్న సంగతే చాలామందికి తెలీదు. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమే మొదలయ్యేలా చూసే కాపలా) ఆపి రీస్టార్ట్ చేశా, అంతే. నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. కీ ఉండాల్సింది మైక్రోసాఫ్ట్ ఖాతాలో. ఆ ఖాతా తెరిచిందేమో ల్యాప్‌టాప్ అమ్మిన షాపు కుర్రాడు. పక్కన మా అక్క "ఏం చేస్తివిరా దాన్ని?" అంటోంది. సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేస్తే విండోస్ మామూలుగా వచ్చింది కాబట్టి బతికిపోయా. మీరు ముందే కీ కాగితం మీద రాసుకోండి.

ఇన్‌స్టాల్‌కి తొందర లేదు. రూఫస్ అనే ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లైనక్స్ మింట్ (లైనక్స్‌లో ఒక రకం) ఎక్కించి (పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి), దాన్నుంచే బూట్ చేసి రెండ్రోజులు వాడండి. కాస్త నెమ్మదిగా నడుస్తుంది గానీ, మీరు చెప్తే తప్ప డిస్కు జోలికి పోదు. వైఫై, సౌండు, ప్రింటర్ చూడండి. మూత మూసి తెరిస్తే లేస్తుందో లేదో కూడా చూడండి. టాలీ మీద, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్ల మీద బతికేవాళ్లు విండోస్ తీసేయొద్దు. అవి లైనక్స్ కోసం చేసినవి కావు. యూనికోడ్ తెలుగుకైతే ఇబ్బంది లేదు.

విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా విండోస్‌ని సగం నిద్రలోనే ఉంచేది) ఆపేసి, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే లైనక్స్ కోసం ఖాళీ జాగా తీయండి.

అసలు గండం ఇన్‌స్టాలర్‌లో "ఎరేజ్ డిస్క్" అనే దగ్గర. విండోస్ మళ్లీ వేయించినప్పుడల్లా సీ డ్రైవ్ పోయినా డీ డ్రైవ్ ఉంటుందని మనకు అలవాటు. అందుకే పెళ్లి ఫొటోలన్నీ డీలో తోసి ధీమాగా ఉంటాం. ఇక్కడ ఆ లెక్క నడవదు. సీ, డీ రెండూ ఒకే డిస్కులో గీసిన గీతలు. ఎరేజ్ అంటే గీతలతో సహా తుడిచేస్తుంది. రెండు డిస్కులున్న ల్యాప్‌టాప్ అయితే ఏది ఎన్ని జీబీలో ముందే రాసి పెట్టుకోండి. ఆ తెర మీద సీ, డీ అనే పేర్లు కనపడవు, సైజు చూసే గుర్తుపట్టాలి. అనుమానమొస్తే క్యాన్సిల్ కొట్టి రేపు చూసుకోండి.

రెండూ పక్కపక్కన వేశాక విండోస్‌లో టైము ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తే బెదరొద్దు. కంప్యూటర్ లోపలి గడియారాన్ని లైనక్స్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే లెక్కైన టైములో) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. లైనక్స్‌లో ఒక్క కమాండ్‌తో సరిపోతుంది.