అరిజోనా ఎడారిలో పాత రోడ్డు జాడ పట్టడం ఎలా

సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్, ఓట్‌మన్ మీదుగా కొలరాడో నది ఒడ్డున ఉన్న టోపాక్ దాకా అమెరికా పాత హైవే రూట్ 66 మీద ఇప్పటికీ కార్లు తిరుగుతున్నాయి. దానికి పటంతో పెద్దగా పనిలేదు. ఆ తారు పక్కన పొదల్లో కలిసిపోయిన, అంతకుముందటి దారి కావాలంటేనే ఈ కసరత్తంతా.

ముందు సంవత్సరాలు తేల్చుకోండి. రూట్ 66కి ఆ నంబరు వచ్చింది 1926లో. సిట్‌గ్రీవ్స్ కనుమ ఎక్కి దిగే ఓట్‌మన్ దారిని వదిలేసి, 1952లో రూటును యుక్కా ఊరి వైపు మళ్లించారు. కొత్త ఫ్రీవే ఐ-40 వచ్చి 1978లో సెలిగ్‌మన్‌ని, 1984లో విలియమ్స్ ఊరిని పక్కకు నెట్టింది. మరుసటి ఏడే 66 అనే నంబరూ పోయింది. మీ దారి ఏ కాలానిదో దాన్నిబట్టి పటం వెతకాలి.

యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వారి టోపోవ్యూ సైట్లో పాత టోపో పటాలు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు, ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ ఎర్త్‌లో పరచడానికి కేఎంజెడ్ ఫైలు, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌కి జియోటిఫ్ ఫైలు దించుకోండి. పాతవాటిలో ఎక్కువగా 1:62,500 స్కేలు, అంటే అంగుళానికి దాదాపు మైలు. తర్వాతి 1:24,000 పటాల్లో అంగుళానికి 2,000 అడుగులు. పటం మీద పెద్దక్షరాల్లో ఉన్న ఏడాదిని నమ్మేయకండి. సర్వే ఎప్పుడు చేశారో, విమాన ఫొటో ఎప్పుడు తీశారో కింది అంచున ఉంటుంది. ఊదా రంగులో గీసినవి ఫొటోలు చూసి తర్వాత చేర్చినవి, నేల మీదికి వెళ్లి సరిచూసినవి కావు.

ఇంకా వెనక్కి, బండిబాటల కాలానికి, వెళ్లాలంటే బీఎల్‌ఎం (అమెరికా ప్రభుత్వ భూముల సంస్థ) సైట్లో ఉన్న భూసర్వే ప్లాట్లు, అంటే తొలి సర్వే పటాలే దిక్కు. వీటిని చదవడంలో ఒక కిటుకుంది. సర్వేయర్లు నేలను చదరాలుగా విడదీస్తూ, మైలుకొకటి చొప్పున ఉన్న సెక్షను గీతల వెంట నడిచారు. బాట ఆ గీతను దాటిన చోట కొలిచి రాసుకున్నారు, మధ్యలోది అంచనాతో కలిపేశారు. కాబట్టి దాటిన బిందువులే మీకు ఆధారం. వాటి మధ్య అటూ ఇటూ విశాలంగా వెతకాలి.

చాలామంది తప్పేది అక్షాంశాల దగ్గర కాదు, డేటం దగ్గర, అంటే ఆ అంకెల్ని ఏ ఆధారం నుంచి కొలిచారన్న దగ్గర. పాత పటాలు నాడ్27 అనే పాత డేటంలో ఉంటాయి. వాటి యూటీఎం అంకెల్ని (చోటును మీటర్లలో చెప్పేవి) డబ్ల్యూజీఎస్84 అనే ఇప్పటి డేటంలో ఉన్న జీపీఎస్‌లో కొడితే ఉత్తర దక్షిణాల్లో దాదాపు 200 మీటర్లు తేడా వస్తుంది. పొదల్లో అంత దూరమంటే దారి దొరకనట్టే. పైగా కింగ్‌మన్‌కి కాస్త తూర్పున 114 డిగ్రీల రేఖ పోతుంది, పడమరకు వెళ్తుంటే అక్కడ యూటీఎం జోను (భూమిని నిలువుగా విడదీసిన పట్టీ) 12 కాస్తా 11 అవుతుంది.

తర్వాత యూఎస్‌జీఎస్ వారి మరో సైటు ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్‌లో పాత విమాన ఫొటోలు చూడండి. రోడ్డు పాలిపోయిన చారలా కనిపిస్తుంది. దాని అంచుల్లో వాననీరు చేరి క్రియోసోట్ అనే ఎడారి పొదలు వరసగా గుబురెక్కుతాయి. గ్యాస్ పైపు చార కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కానీ అది గుట్ట వచ్చినా తిన్నగా ఎక్కేస్తుంది. రోడ్డు వాలు చూసి వంపు తిరుగుతుంది, ఎండువాగు దగ్గర కల్వర్టు రాళ్లు మిగిలిస్తుంది. రెండూ కలిసిపోయే చోటూ ఉంది: టోపాక్ దగ్గర 1916 నాటి ఆర్చ్ వంతెన మీద ఇప్పుడు వెళ్తున్నది గ్యాస్ పైపే.

బయల్దేరే ముందు ఆ నేల ఎవరిదో చూసుకోండి. రాష్ట్ర ట్రస్టు భూమికి పర్మిట్ కావాలి. పీచ్ స్ప్రింగ్స్ చుట్టుపక్కల హైవే దిగితే హువలపాయ్ తెగ అనుమతి తప్పనిసరి. రైలు పట్టాల పక్క నేల కంపెనీ సొత్తు, అక్కడ నడవకూడదు. ఓట్‌మన్ కనుమ మీదికి 40 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. మనిషికి రోజుకి 4 లీటర్ల నీళ్లు కనీసం, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా మాన్సూన్. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన కురిసిన వాన వాగులోకి ఉరికొస్తుంది. బారికేడ్ పెట్టిన వరద రోడ్డులోకి బండి దింపి ఇరుక్కుంటే, కాపాడిన ఖర్చు డ్రైవరు నుంచే వసూలు చేసే చట్టం ఆ రాష్ట్రంలో ఉంది.

పాత సీసాలు, డబ్బాలు కనిపిస్తే ఉన్నచోటే వదిలి ఫొటో తీసుకోండి. ఆ చోటి జీపీఎస్ అంకెలు రాసుకునేటప్పుడు పక్కనే డేటం, జోను కూడా రాయండి.