పాత రైడింగ్ మోవర్ డెక్ అరిగిపోతే: బ్లేడు కొనే ముందు ఏం కొలవాలి

నార్త్ కరోలినాలో ముప్పావు ఎకరం స్థలమున్న ఇంట్లోకి మారాక, వాడిన రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోసే యంత్రం) ఒకటి కొన్నాను. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లను పైనుంచి కప్పి ఉంచే రేకు డొప్ప), రెండు బ్లేడ్లు. రెండో వేసవికల్లా కోసిన దారి మధ్యలో వేలెడు వెడల్పున గడ్డి గీత మిగలడం మొదలైంది. కొత్త బ్లేడ్లు వేశాను. రెండు వారాలు బాగుంది, మళ్లీ అదే గీత. డెక్ విప్పి బోర్లించి చూస్తే అప్పుడు అర్థమైంది. బ్లేడును మోసేది స్పిండిల్ (లోపల బేరింగ్‌లూ షాఫ్టూ ఉండే ఇరుసు), స్పిండిల్‌ను మోసేది డెక్ రేకు. ఆ రేకే చీలింది. గడ్డి వంకరగా తెగితే అందరం ముందు బ్లేడు మారుస్తాం. కానీ పదీ పదిహేనేళ్లు పనిచేసిన డెక్‌లో చూడాల్సిన మొదటి చోటు స్పిండిల్ చుట్టూ ఉన్న రేకు.

చేయి పెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కకు కట్టేయండి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వట్టి జాకీని నమ్మి మోవర్ కింద చేయి పెట్టకండి, స్టాండ్లు పెట్టండి. మందపాటి గ్లోవ్స్ తప్పనిసరి.

సమస్య: మధ్యలో గీత మిగులుతోంది, లేదా గడ్డి మెట్టులా తెగుతోంది

మోవర్‌ను గరాజ్‌లో చదునైన నేల మీద నిలిపి నాలుగు టైర్లలో గాలి చూడండి. ఒక టైరులో గాలి తగ్గినా డెక్ ఒక పక్కకు వాలుతుంది. తర్వాత డెక్ అంచున సుద్దతో ఒక గుర్తు పెట్టండి. బ్లేడు ఒక కొసను ఆ గుర్తు దగ్గరికి తెచ్చి నేల నుంచి ఎత్తు కొలవండి. బ్లేడును సగం తిప్పి రెండో కొసను అదే గుర్తు దగ్గర కొలవండి.

రెండు కొలతల మధ్య 1/8 అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే బ్లేడైనా వంగి ఉండాలి, స్పిండిల్ షాఫ్టైనా వంగి ఉండాలి. తిన్నగా ఉందని తెలిసిన బ్లేడు బిగించి మళ్లీ కొలవండి. తేడా పోతే తప్పు బ్లేడుది, పోకపోతే షాఫ్టుది. వంగిన బ్లేడును సుత్తితో సరిచేయకండి. అమెరికా ప్రమాణాల ప్రకారం బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. ఆ వేగంలో విరిగిన ముక్క ఎటు పోతుందో ఎవరూ ఆపలేరు.

రెండు కొసలూ సమానంగానే ఉండి, ఒక బ్లేడు మాత్రం రెండోదానితో పోలిస్తే ఒక పక్కకు వాలి తిరుగుతుంటే అనుమానం రేకు మీదికి మళ్లాలి. డెక్ పైనున్న ప్లాస్టిక్ కవర్లు తీసి, ఇంకొకరిని కింద బ్లేడు కొస పట్టుకుని పైకీ కిందికీ ఊపమనండి. మీరు పైనుంచి చూడండి. స్పిండిల్ బాడీ కదలకుండా లోపలి షాఫ్టు ఒక్కటే ఆడితే బేరింగ్ పోయినట్టు. స్పిండిల్ బాడీయే ఆడుతుంటే బోల్టులు వదులైనట్టు. బోల్టులు గట్టిగానే ఉండి చుట్టూ రేకు ఊగుతుంటే అక్కడ చీలిక ఉంది. నాకు కనిపించింది ఈ మూడోదే. ఒక బోల్టు రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి సన్నని గీతలా చీలింది, పైన పేరుకున్న ఎండుగడ్డి కింద దాగి ఉంది.

రేకు ఎందుకు చీలుతుందంటే, కవర్ల కింద చేరిన తడి గడ్డి నెలల తరబడి తేమను పట్టి ఉంచుతుంది. ఎరువులోని ఉప్పులు దానికి తోడవుతాయి. తుప్పు రేకును పల్చన చేస్తుంది. ఆ పల్చటి చోట వేరు మొద్దుకు బ్లేడు తగిలిన దెబ్బ పడితే చీలిక మొదలవుతుంది.

పరిష్కారం: స్క్రూడ్రైవర్ మొనతో చుట్టూ పొడిచి చూడండి. స్పిండిల్ చుట్టూ మాత్రమే రేకు మెత్తబడితే డెక్ బాగుపడుతుంది. డెక్‌ను వేలాడదీసే బ్రాకెట్ల దగ్గర కూడా మొన దిగిపోతుంటే ఖాళీ డెక్ షెల్ కొనడమే మంచిది.

బాగుచేసేట్టయితే డెక్‌ను మోవర్ నుంచి పూర్తిగా వేరు చేసి, స్పిండిళ్లు విప్పేసి, గడ్డంతా గీకేయండి. ఎండుగడ్డి వెల్డింగ్ నిప్పుకు వెంటనే అంటుకుంటుంది. తుప్పును గ్రైండర్‌తో మెరిసే లోహం కనిపించేదాకా తీయండి. చీలిక రెండు చివర్లా 1/8 అంగుళం రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. 1/8 అంగుళం మందం మామూలు ఉక్కు ప్లేటు కోసి పెట్టండి. జింకు పూత ఉన్న రేకు వద్దు, దాని పొగ ఊపిరితిత్తులకు విషం. ఒక్కో అంగుళం చొప్పున, ఎదురెదురు చోట్ల, చల్లారనిస్తూ వెల్డ్ చేయండి. ఒకే ఊపున లాగితే వేడికి రేకు మెలిపడుతుంది, స్పిండిల్ మళ్లీ వంకరగానే కూర్చుంటుంది. చివర్లో పొడవాటి తిన్నని ఇనుప పట్టీని రెండు స్పిండిల్ గద్దెల మీదుగా ఆనించి చూడండి. ఎక్కడా సందు కనిపించకూడదు.

వెల్డింగ్ మెషిన్ లేనివారు ప్లేటును నట్టు బోల్టులతో బిగించవచ్చు. అప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్లేటు స్పిండిల్‌కూ రేకుకూ మధ్య పెడితే ఆ బ్లేడు ఎత్తు ప్లేటు మందమంత మారిపోతుంది. కాబట్టి స్పిండిల్ ఆనని వైపున పెట్టండి, లేదా రెండు స్పిండిళ్లకూ ఒకే మందం ప్లేటు వేయండి. స్పిండిల్ బోల్టుల మరలు అరిగిపోతే లావు బోల్టు దూర్చకుండా, రేకు దాటి వచ్చే బోల్టు వేసి కింద లాక్ నట్టు బిగిస్తే గట్టిగా ఉంటుంది.

సమస్య: బ్లేడ్లు తిరిగేటప్పుడు అరుపు, వణుకు

బెల్టు తీసి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పండి. గరగరమన్నది బేరింగ్ పోయిన పుల్లీ. బేరింగ్ మీద 6203, 6204 లాంటి నంబరు ఉంటుంది. కానీ నంబరు చూసి కొనేయకండి. 6203 లోపలి రంధ్రం మామూలుగా 17 మిల్లీమీటర్లు, మోవర్ల కోసం 5/8, 3/4 అంగుళం రంధ్రంతో వచ్చేవీ ఉన్నాయి. పాతదాన్ని కొలిచే కొనండి. పైన, కింద బేరింగ్‌ల మధ్య ఒక గొట్టం ముక్క ఉంటుంది. దాన్ని మరిచి బిగిస్తే బిగింపు బరువంతా బేరింగ్‌ల మీద పడి కొత్తవి కూడా కొద్ది రోజుల్లోనే పోతాయి. అరుపు లేకుండా వణుకు మాత్రమే ఉంటే బ్లేడును గోడకు కొట్టిన మేకుకు మధ్య రంధ్రంతో తగిలించండి. ఏ వైపు వాలితే ఆ వైపు కొంచెం అరగదీయండి.

సమస్య: బెల్టు ఊడిపోతోంది

బెల్టు మీద టెన్షన్ ఉంచే పుల్లీ చెయ్యిని పట్టుకుని ఊపండి. అది తిరిగే పిన్ను అరిగితే పుల్లీ వాలుతుంది, బెల్టు జారుతుంది. పుల్లీ గాడి అడుగుకు బెల్టు ఆనుతుంటే ఆ రెండింటిలో ఒకటి అరిగినట్టే. కారు బెల్టు పెట్టకండి, మోవర్ కోసం చేసినదే పెట్టండి.

సమస్య: గడ్డి ముద్దలుగా పడుతోంది

తడి గడ్డి కోయడం మానండి. బ్లేడు వెనక పైకి మడిచిన రెక్కే గాలిని లేపి గడ్డిని నిలబెడుతుంది. అది ఇసుకకు అరిగి పల్చబడితే ఎంత పదును పెట్టినా లాభం లేదు, బ్లేడు మార్చండి.

అన్నీ బిగించాక డెక్ లెవెల్ చూడాలి. కుడి ఎడమల మధ్య తేడా 1/8 అంగుళం దాటకూడదు. బ్లేడు ముందు కొస వెనక కొస కంటే 1/8 నుంచి 3/8 అంగుళం కిందికి ఉండాలి. మీ మోడల్ మాన్యువల్‌లో వేరే కొలత ఇస్తే అదే పాటించండి. మా దగ్గర ఫెస్క్యూ గడ్డిని 3 నుంచి 4 అంగుళాల ఎత్తు ఉంచి కోస్తాం. ఆ ఎత్తులో పెట్టే కొలిచాను, గీత పోయింది. ఇప్పుడు ప్రతి కోత తర్వాత కవర్లు తీసి లీఫ్ బ్లోయర్‌తో డెక్ పైభాగం ఊదేస్తున్నాను. నీళ్లతో కడిగిన రోజు బ్లేడ్లను రెండు నిమిషాలు తిప్పి ఆరబెట్టాకే షెడ్‌లో పెడుతున్నాను.