చవితికి ముందే లేజర్ కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

వినాయక చవితి దగ్గరపడితే చాలు, విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ళు లేజర్ లైట్ల కోసం ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెడతారు. చవితి, దసరా, ఆ తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం, దీపావళి, అన్నీ వరసగా వస్తాయి కదా. అందరూ ముందు అడిగేది "ఎన్ని వాట్లు?" అని. నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న.

లేజర్లకి ప్రమాదాన్ని బట్టి క్లాసులుంటాయి, 5 మిల్లీవాట్లు దాటితే అది క్లాస్ 3బి, 500 దాటితే అన్నిటికన్నా ప్రమాదమైన క్లాస్ 4. అంటే "చిన్నది" అని అమ్మే 1 వాట్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసిన) లేజర్ కూడా క్లాస్ 4లోకే వస్తుంది. బీమ్ కనబడేలా పొగ యంత్రంతో కాస్త పొగ పెడితే గదికి, డాబాకి అదే ఎక్కువ. 5 వాట్ల దాని జోలికి మొదట్లో అస్సలు వెళ్ళొద్దు.

ముందు కంప్యూటర్ నుంచి లేజర్‌కి బొమ్మలు పంపే సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చుకోండి, ఎందుకంటే దాన్ని బట్టే మిగతావన్నీ కొనాలి. పాంగోలిన్ అనే కంపెనీ వాళ్ళ క్విక్‌షో చాలా బాగుంటుంది కానీ వాళ్ళ కంట్రోలరే కావాలి, ఖర్చు ఎక్కువ. బడ్జెట్ తక్కువైతే హీలియోస్ అనే చిన్న యూఎస్‌బీ డీఏసీ (కంప్యూటర్ బొమ్మని లేజర్‌కి అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఉంది, ఓపెన్ సోర్స్, లేజర్‌షోజెన్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. ఏది తీసుకున్నా లేజర్ వెనకాల ఆ సిగ్నల్ తీసుకునే 25 పిన్నుల ఐఎల్‌డీఏ పోర్ట్ ఉందో లేదో ఫొటోలో జూమ్ చేసి చూడండి. అది లేకుండా డీఎంఎక్స్ (స్టేజి లైట్లని నడిపే కనెక్షన్) మాత్రమే ఉంటే, అందులో ముందే పెట్టిన బొమ్మలు తప్ప మీరు గీసిన బొమ్మ రాదు.

లోపల గాల్వోలు అనే చిన్న మోటార్లు రెండు అద్దాల్ని ఊపుతుంటాయి. బొమ్మంతా వాటి వేగం మీదే ఆధారపడి ఉంటుంది. 30కే (సెకనుకి 30 వేల చుక్కలు) అని రాస్తే అది సాధారణంగా 8 డిగ్రీల కోణంలో లెక్క, బొమ్మ పెద్దది చేసేకొద్దీ వేగం తగ్గించాలి. సాఫ్ట్‌వేర్‌లో ఐఎల్‌డీఏ టెస్ట్ ప్యాటర్న్ అనే పరీక్ష బొమ్మ పెట్టి, చతురస్రం లోపల వలయం సరిగ్గా తాకుతోందా చూసుకోండి. వలయం అలా తాకే వేగానికి మించి నడిపితే గాల్వోలు వేడెక్కి ఆగిపోతాయి. అసలు ప్రమాదం అక్కడే. తిరుగుతున్నంతసేపూ వెలుగు పరుచుకుని ఉంటుంది, అద్దం ఆగిందంటే ఆ వెలుగంతా ఒకే చుక్క మీద సూదిలా గుచ్చుకుంటుంది. అందుకే అద్దం ఆగగానే వెలుగుని ఆపేసే స్కాన్ ఫెయిల్ సేఫ్టీ ఉన్నదే కొనండి. తాళం స్విచ్, చేతికందేలా ఎమర్జెన్సీ స్టాప్ ఉండాలి. ఈ మూడింటికీ కాస్త ఎక్కువైనా పెట్టండి, వాట్లకి మాత్రం పెట్టకండి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, కరెంటు. పోయి వచ్చాక చవక మోడళ్ళు కొన్ని వాటంతటవే ఆటో మోడ్‌లోకి వెళ్ళి, ఏ కంట్రోల్ లేకుండా బీమ్‌లు తిప్పేస్తాయి. కరెంటు పోగానే ముందు తాళం తిప్పి ఆపేయండి. డాబా మీద పెట్టేటప్పుడు ఎదురింటి కిటికీ అద్దాలు, స్టీలు వాటర్ ట్యాంకు, గేటు మీది మెరిసే నేమ్‌ప్లేటు కూడా చూసుకోండి, అవన్నీ బీమ్‌ని తిప్పికొడతాయి. బీమ్ మెరవని గోడ మీద ఆగేలా చూసుకోండి. ఆకాశంలోకి మాత్రం వదలకండి. భోగాపురం ఎయిర్‌పోర్ట్ మనకి దగ్గర్లోనే ఉంది, పైలట్ కళ్ళు ఒక్క క్షణం బైర్లు కమ్మినా చాలా ప్రమాదం.

జనం మీదకి తిప్పడం, ఊరేగింపులో డీజే బండి మీద పెట్టడం అసలు వద్దు. మహారాష్ట్రలో గణేశ్ ఊరేగింపుల్లో కళ్ళు దెబ్బతిన్నాయని వార్తలొచ్చాయి, 2024లో పుణె పోలీసులు ఊరేగింపుల్లో లేజర్ బీమ్‌లనే నిషేధించారు. మండపం దగ్గర తప్పదనుకుంటే బీమ్ జనం నిలబడే నేల నుంచి కనీసం 3 మీటర్ల పైనే వెళ్ళాలి. పిల్లలు నాన్న భుజాల మీద ఎక్కి చూస్తారు, వాళ్ళ ఎత్తు కూడా లెక్కలో వేసుకోండి. ఫోన్ కెమెరా కూడా బీమ్‌కి ఎదురుగా పెట్టొద్దు, సెన్సర్ మీద గీతలు పడితే పోవు.

రక్షణ కళ్ళద్దాలు బీమ్ సర్దేటప్పుడు పనికొస్తాయి, మీ లేజర్ రంగులన్నింటికీ వాటి మీద ఓడీ విలువ (ఆ రంగు వెలుగుని ఎంత అడ్డుకుంటాయో చెప్పే అంకె) రాసి ఉండాలి. లేజర్‌తో పాటు ఉచితంగా వచ్చే ఆకుపచ్చ కళ్ళద్దాల్ని నమ్ముకోకండి.

రెటీనా (కంటి లోపలి తెర) కాలినా నొప్పి ఉండదు. కంట్లో బీమ్ పడి, తర్వాత చూపులో మచ్చ కనబడితే "తెల్లారితే పోతుందిలే" అని పడుకోకుండా, లేజర్ ఆపేసి, రెటీనా చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఆయన చూసే దాకా మళ్ళీ వెయ్యకండి. మనకి దగ్గర్లో కావాలంటే విశాఖలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.